ఊరి లెక్క ఎవరి చేతిలో ఉంది? పట్వారీ నుంచి సర్పంచ్ దాకా

మీ తాత పేరు మీద భూమి ఎంతుంది? ఇప్పుడైతే ఫోన్ తీసి చూస్తాం. 80 ఏళ్ల కిందైతే ఒకే ఇంటికి పోవాలి, పట్వారీ ఇంటికి.

నిజాం కాలంలో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సర్కార్ అంటే ముగ్గురే. మాలీ పటేల్ శిస్తు వసూలు చేస్తాడు. పోలీస్ పటేల్ శాంతిభద్రతలు చూస్తాడు. పట్వారీ భూమి లెక్కలు రాస్తాడు. ఎన్నికల్లేవు, తండ్రి తర్వాత కొడుకే. ఊర్లో చదువొచ్చినోళ్లు తక్కువ. పహాణీలో పేరు మారినా దున్నేటోడికి తెలిసేది కాదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్క ఇంట్లోనే ఉండేది.

అందుకే సాయుధ పోరాటంలో జనం దొరల గడీలతో పాటు కాగితాల మీద కూడా పడ్డారు. అప్పు పత్రాలు, లెక్కల పుస్తకాలు కాలబెట్టారు. ఊర్లలో గ్రామ రాజ్య కమిటీలు పెట్టుకుని భూములు పంచుకున్నారు. పుచ్చలపల్లి సుందరయ్య గారి లెక్క ప్రకారం సుమారు 3,000 ఊర్లు, 10 లక్షల ఎకరాలు. 1948లో సైన్యం వచ్చింది, 1951లో పోరాటం ఆగింది. కమిటీలు పోయాయి, పట్వారీ మాత్రం ఉన్నాడు!

1959లో పంచాయతీరాజ్ వచ్చింది. మన రాష్ట్రంలో అది మొదలైంది అప్పటి పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లోనే. కానీ అసలు మెలిక ఇక్కడుంది. వీధి దీపం సర్పంచ్ చేతికొచ్చింది, భూమి లెక్క పట్వారీ దగ్గరే ఉండిపోయింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా, అంటే ఇంకో పాతికేళ్లు, ఇదే కథ.

తర్వాత వీఆర్వోలు వచ్చారు, 2020లో వాళ్లనూ తీసేశారు. మరోపక్క 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు సొంత పంచాయతీలయ్యాయి. దేవరకొండ వైపు చాలా తండాలకు ఇది చిన్న విషయం కాదు. పక్కూరి పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగినోళ్లే తమ తండాకు సర్పంచ్ అయ్యారు. ఫ్రాన్స్‌లో వంద మంది లేని పల్లెకు కూడా సొంత మేయర్ ఉంటాడు, అదే ఆలోచన.

కానీ 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా మన ఊర్లకు సర్పంచే లేడు, స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. మనలో ఎంతమంది అడిగాం?

పట్వారీ బలం కాగితంలో ఉండేది, మనం చదవలేకపోవడంలో ఉండేది. ఇప్పుడు చదువుంది, ఫోనుంది. ఈసారి ఊరికి పోతే గ్రామసభలో కూర్చోండి. జమాఖర్చు చూపించమని అడగండి. మీ ఊర్లో పట్వారీ కాలం ముచ్చట్లుంటే పెద్దోళ్లను అడిగి కామెంట్‌లో రాయండి. ఉంటా మరి!