మూసా రాం

మూసారాంబాగ్ పేరు మూసీ నది నుంచి వచ్చిందని చాలాకాలం నమ్మాను. పక్కనే నది, నది మీద వంతెన. అనుమానించే అవసరం ఏముంది? ఆ పేరు వెనుక ఉన్నది ఏరు కాదు, మనిషి అని ఒక పెద్దాయన చెప్పినప్పుడు, అదీ పరాసు దేశపు మనిషి అన్నప్పుడు, వేళాకోళం అనుకున్నాను. వేళాకోళం కాదు. ఆయన పేరు మిషెల్ జోకిం మరీ రేమండ్. ఫ్రెంచివారి నోట రేమోఁ. "మొస్యూ రేమోఁ" హైదరాబాదు జనం నోట్లో పడి హిందువులకు మూసా రాం, ముసల్మానులకు మూసా రహీం అయ్యింది. ఒక పరదేశి పేరును రెండు మతాల వాళ్ళూ తలో దేవుడి వైపు లాక్కోవడం మన నగరంలో మరెవరి విషయంలోనైనా జరిగిందో లేదో నాకు తెలియదు.

పుట్టింది 1755లో, దక్షిణ ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో, ఒక వర్తకుడి ఇంట. ఇరవై ఏళ్ళ వయసులో వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరి వచ్చాడు. వ్యాపారం సాగలేదు. కత్తి పట్టాడు. కొన్నాళ్ళు హైదర్ అలీ కొలువులోని ఫ్రెంచి దళంలో పనిచేసి, 1783లో ముసలి బుస్సీ తిరిగి ఇండియాకు వచ్చినప్పుడు ఆయన దగ్గర అంగరక్షక సేనాని అయ్యాడు. బుస్సీ అంటే మనకు వెంటనే బొబ్బిలి గుర్తుకు వస్తుంది. 1757లో విజయరామరాజు పక్షాన వచ్చి బొబ్బిలి కోటను ఫిరంగులతో కూల్చినవాడు ఆయనే. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో చనిపోయాక, రేమండ్ మరుసటి ఏడు నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు.

మొదట ఆయన చేతికింద ఉన్నది 300 మంది అంటారు. వాళ్ళ తుపాకులు కూడా అద్దెకు తెచ్చినవే అని ఒక కథనం. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఆ మూడు వందలు 14,000 అయ్యాయి. ఫిరంగులు పోతపోయడానికి ఆయన పెట్టిన కార్ఖానా "తోప్ కా సాంచా" ఉన్న చోటునే ఇప్పుడు గన్‌ఫౌండ్రీ అంటున్నాము. అక్కడి బ్యాంకుకు ఎన్నిసార్లు వెళ్ళి ఉంటామో, ఫిరంగి మాత్రం ఒక్కసారీ తలపుకు రాదు.

రేమండ్ పేరు మోగింది, విచిత్రంగా, ఒక ఓటమి వల్ల. 1795 మార్చి 11న ఖర్డా దగ్గర నిజాం సేనలు మరాఠాలతో తలపడ్డాయి. నిజాం కొలువులో జీతం తీసుకుంటున్న కుంపిణీ పటాలాలు రెండు ఉన్నాయి. మరాఠాలు తమకు మిత్రులు కనుక వాటిని ఈ యుద్ధంలో వాడకూడదని గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ కట్టడి చేశాడు. యుద్ధరంగంలో రేమండ్ దళాలు ముందుకు చొచ్చుకుపోతూ ఉండగానే, అంతఃపురాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చిన నిజాం భయపడి వెనక్కు తగ్గమని ఆజ్ఞ పంపాడు. ఖర్డా కోటలో చిక్కుబడి, నీటికి కటకటలాడి, చివరకు భూములూ, సుమారు 3 కోట్ల రూపాయలూ ఇచ్చుకుని, దివాను అజీం ఉల్ ఉమరాను పూనాకు తాకట్టు పంపి బయటపడ్డాడు. ఆ సంకుల సమయంలో వరుస చెదరకుండా వెనక్కు వచ్చినవి ప్రధానంగా రేమండ్ దళాలే.

అవసరానికి పనికిరాని స్నేహితుణ్ణి ఎంతకాలం మేపుతాం? నిజాం కుంపిణీ పటాలాలను సాగనంపాడు. ఆ ఏడే నిజాం కొడుకు అలీ జా తండ్రిమీద తిరగబడి బీదరు వైపు వెళ్ళినప్పుడు అతణ్ణి వెంటాడి పట్టుకున్నదీ రేమండే. దానితో బిరుదులూ, సైన్యం ఖర్చులకు జాగీరూ వచ్చాయి. ఆయన బిరుదుల్లో ఒకటి అఝ్‌దర్ జంగ్, అంటే యుద్ధంలో మహాసర్పం వంటివాడని.

ఇక్కడ నన్ను ఆకట్టుకునేది ఆయన వేషం. ఫ్రాన్సులో 1789లో విప్లవం వచ్చింది, 1793లో రాజు తల తెగింది. ఆ రాజ్యం నుంచే వచ్చిన ఈ వర్తకుడి కొడుకు ఇక్కడ నవాబు బిరుదులు తగిలించుకున్నాడు, జాగీరు తిన్నాడు. కానీ ఆయన పటాలం ఎత్తింది విప్లవపు మూడు రంగుల జెండా. సైనికుల గుండీల మీద స్వేచ్ఛకు గుర్తయిన టోపీ. రాజులను దించిన జెండా కింద రాజును కాపాడటం! ఆయన నిజంగా విప్లవాన్ని నమ్మాడా, లేక జెండాను బెదిరింపుకు వాడుకున్నాడా? టిప్పుతోనూ, ఫ్రెంచివారితోనూ ఉత్తరాలు నడిపాడని ఆంగ్లేయులు గట్టిగా నమ్మారు. నా మట్టుకు నాకు, ఆయన ముందుగా నిజాం నౌకరు, ఆ తర్వాతే ఫ్రెంచి దేశభక్తుడు అనిపిస్తుంది. ఆంగ్లేయులకు అది పట్టలేదు. వారికి జెండా చాలు.

కలకత్తాకు కొత్త గవర్నర్ జనరల్‌గా వస్తూ, తర్వాత వెల్లెస్లీగా పేరుపొందిన మార్నింగ్టన్ ప్రభువు 1798 ఫిబ్రవరిలో కేప్ దగ్గర ఆగాడు. అంతకుముందు హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న విలియం కర్క్‌పాట్రిక్ అక్కడే ఉన్నాడు. ఈ ఫ్రెంచి పటాలం సంగతులన్నీ ఆయన్ని అడిగి తెలుసుకున్న వెల్లెస్లీ, దాన్ని తొలగించాలన్న ఆలోచనకు ఇండియా గడ్డమీద కాలు పెట్టకముందే వచ్చేశాడు. ఆయన కలకత్తా చేరింది మే నెలలో. అప్పటికే, మార్చి 25న, రేమండ్ చనిపోయాడు. వయసు నలభై మూడైనా నిండలేదు. విషం పెట్టారన్నవారున్నారు, తానే తీసుకున్నాడన్నవారూ ఉన్నారు. ఏదీ రుజువు కాలేదు.

ఆయన స్థానంలోకి పిరాన్ వచ్చాడు. పటాలం అదే, తుపాకులు అవే, జెండా అదే. సెప్టెంబరు 1న నిజాం కుంపిణీతో ఒప్పందం చేసుకున్నాడు. ఆరు పటాలాల కుంపిణీ సైన్యం హైదరాబాదులో ఉంటుంది. దానికి ఏటా 24,17,100 రూపాయలు నిజాం ఇవ్వాలి. ఫ్రెంచి దళాన్ని రద్దు చెయ్యాలి. రోజులు గడిచినా నిజాం ఆ చివరి షరతు అమలు చెయ్యడానికి జంకి, గోలకొండ కోటలోకి వెళ్ళి కూర్చున్నాడు. రెసిడెంటు జేమ్స్ కర్క్‌పాట్రిక్, ఆ విలియం తమ్ముడే, ఒత్తిడి తెచ్చాడు. ఇంతలో జీతాల బాకీల కోసం సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల మీదనే తిరగబడ్డారు. అదే అదనుగా అక్టోబరు 22న కుంపిణీ సేనలు శిబిరాన్ని చుట్టుముట్టాయి. బాకీలు చెల్లిస్తామనగానే 14,000 మంది నెత్తురు బొట్టు రాలకుండా ఆయుధాలు కింద పెట్టారు. ఏడు నెలల క్రితం దక్కన్లో పెద్ద సైనికశక్తుల్లో ఒకటి, సాయంత్రానికి లేదు.

రేమండ్ బతికుంటే చరిత్ర మారేదని నేను అనను. మరాఠాలంటే భయం నిజాంను ఎలాగూ కుంపిణీ ఒడిలోకే నెట్టేది. కానీ ఇంత సులువుగా అయ్యేది కాదు. ఆ సిపాయిలను కట్టిపడేసింది జెండా కాదు, ఒక మనిషి మాట అని ఈ అక్టోబరు ఉదంతం చెబుతూనే ఉంది.

ఇక్కడితో ఆగితే ఇది హైదరాబాదు కథ. కానీ ఆ 24 లక్షల లెక్క మన అందరి కథ. ఆ సైన్యంతోనే 1799లో శ్రీరంగపట్టణం పడింది, టిప్పు చనిపోయాడు. మరుసటి ఏడు సైన్యం ఇంకా పెరిగింది, ఖర్చూ పెరిగింది. నగదు బదులు భూమి ఇచ్చేయమన్నారు. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో, 1792, 1799లలో మైసూరు నుంచి తనకు వచ్చిన ప్రాంతాలను నిజాం కుంపిణీకి ధారపోశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. అవే దత్తమండలాలు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పాళెగాళ్ళను అణచాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు మూలాలు ఆ అణచివేతలోనే ఉన్నాయి. ఆ సీమకు "రాయలసీమ" అన్న పేరు 1928లో నంద్యాల సభలో గాని రాలేదు. అంతవరకు దాని పేరే "ఇచ్చివేయబడినది" అని అర్థం. తెలంగాణకూ సీమకూ నడుమ ఆనాడు గీసిన గీత 1956 దాకా ఉండిపోయింది. ఒక ఫ్రెంచి పటాలాన్ని తీసేసి దాని చోట పెట్టిన ఇంగ్లీషు పటాలానికి కట్టిన జీతం అది.

రేమండ్ సమాధి మలక్‌పేట దాటాక, సరూర్‌నగర్ వెళ్ళే దారికి ఎడంగా ఒక గుట్ట మీద ఉంది. ఎత్తయిన రాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అన్న రెండు అక్షరాలు. పేరు లేదు, బిరుదు లేదు. పక్కన స్తంభాల మంటపం ఒకటి, కూలిపోయాక మళ్ళీ కట్టినది. ఒకప్పుడు ఏటా మార్చి 25న ఇక్కడ ఉర్సు జరిగేదనీ, నిజాం తరఫున ఒక పెట్టె చుట్టలూ, ఒక సీసా బీరూ సమాధికి వచ్చేవనీ చెబుతారు.

నేను వెళ్ళిన సాయంత్రం నలుగురు కుర్రవాళ్ళు ఆ మంటపం మెట్ల మీద కూర్చుని పేకాడుకుంటున్నారు. ఇది ఎవరిదని అడిగాను. "ఎవరో తురకాయన సమాధి సార్" అన్నాడు ఒకడు. "కాదురా, ఇంగ్లీషాయనది" అని దిద్దాడు రెండోవాడు.