అరటాకు చెప్పే లెక్క

పోయినసారి తనకల్లు వెళ్ళినప్పుడు, చిన్నాయన అరటితోటలో ముదురాకుల అంచులు పసుపెక్కి ఎండిపోతున్నాయి. "ఇంకో మూట యూరియా ఏస్తే సరి" అన్నాడు. లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసే మనలాగే!

ఏ పోషకం తక్కువైతే దిగుబడి అక్కడే ఆగుతుందన్నది 1828లో స్ప్రెంగెల్ చెప్పి, లీబిగ్ పేరుతో చలామణీ అయిన సూత్రం. అంటే ప్రశ్న "ఎంత ఉంది?" అని. రబ్బరు తోటల మీద పనిచేసిన బోఫిల్స్, 1973లో దక్షిణాఫ్రికాలోని నటాల్ విశ్వవిద్యాలయం నుంచి ఆ ప్రశ్ననే మార్చాడు: "దేంతో పోలిస్తే ఎంత?" బాగా కాసిన తోటల ఆకుల్లోని పోషకాల నిష్పత్తులు ప్రమాణంగా పెట్టుకుని, మన ఆకుని వాటితో పోల్చడం. అదే డ్రిస్ పద్ధతి. తర్వాత అరటికీ వాడారు.

అరటికి అన్నిటికన్నా ఎక్కువ కావల్సింది పొటాష్. ముదురాకుల అంచులు అలా ఎండితే ముందు అనుమానించాల్సింది దాని లోటునే. అది నిజమైతే యూరియా వేసేకొద్దీ తేడా పెరుగుతుంది. అలాగని పొటాష్ గుమ్మరిస్తే మెగ్నీషియం అందదు.

2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటిపళ్ళతో రైలే ముంబై రేవుకి పోయింది. అప్పటికి తనకల్లుదీ అదే జిల్లా. అంత పండించే చోట, పై నుంచి మూడో ఆకు కోసి పరీక్షకి పంపేవాళ్ళు ఎందరుంటారంటారు?

చిన్నాయనకి ఇదంతా చెబితే, "చదువుకున్నోడివి, నువ్వే పంపు" అన్నాడు. పంపాలి.