దేవుడు లేని నీతి, ప్రార్థన: తంబళ్లపల్లె, మదనపల్లె ప్రాంతం

దేవుణ్ని నమ్మనివాడు నీతిగా బతకగలడా, అతడు చేతులు జోడిస్తే దానికి అర్థం ఉంటుందా అన్నది పాత చర్చే. 20వ శతాబ్దంలో తెలుగువాళ్ల నుంచి దీనికి రెండు గట్టి జవాబులు వచ్చాయి. ఒకటి కృష్ణా జిల్లా నుంచి గోరా (గోపరాజు రామచంద్రరావు) ఇచ్చింది. రెండోది మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది. ఆయన జవాబు పుస్తకాలతో ఆగలేదు. తంబళ్లపల్లె నియోజకవర్గంలోని కురబలకోట మండలంలో రిషివ్యాలీ అనే బడిగా ఇప్పటికీ నడుస్తోంది.

మాటల వెనక

తెలుగులో 'ప్రార్థన' అన్న మాటలోనే అర్థించడం ఉంది. అడిగేవాడు ఉంటే ఇచ్చేవాడూ ఉండాలి కదా. 'మొక్కు' ఇంకా సూటి మాట. పని అయితే నీకిది ఇస్తానని దేవుడితో కుదుర్చుకున్న ఒప్పందం అది. తంబళ్లపల్లె దగ్గర మల్లయ్యకొండ మీద మల్లికార్జునస్వామి గుడి ఉంది. శివరాత్రికి ఈ చుట్టుపక్కల జనం ఆ కొండెక్కేది చాలావరకు ఈ ఒప్పందం తీర్చుకోవడానికే. కరువు సీమ కాబట్టి వాన కోసం అడగడం మరీ ఎక్కువ. విరాటపర్వం చదివించడం, కప్పలకు పెళ్లి చేయడం రాయలసీమ పల్లెలకు తెలిసినవే. అడగడం మానేస్తే ప్రార్థనలో ఇంకేం మిగులుతుందన్న ప్రశ్న ఇలాంటి నేల మీద పుట్టడం వింతేమీ కాదు.

అసలు మన సంప్రదాయంలోనే దేవుడు లేని కర్మకాండ ఒకటుంది. యజ్ఞాలకు అంత పట్టు పట్టిన పూర్వమీమాంసకులకు సృష్టికర్త అక్కర్లేదు. కర్మ చేస్తే 'అపూర్వం' అనే శక్తి పుట్టి, అదే ఫలం ఇస్తుందన్నారు. 7వ శతాబ్దం నాటి కుమారిల భట్టు ఈశ్వరుడు లోకాన్ని సృష్టించాడన్న మాటను తర్కంతో కొట్టేశాడు. అయినా ఆయన ఆస్తికుడే. వేదాన్ని ఒప్పుకున్నాడు కాబట్టి. 'నాస్తికుడు' అంటే మొదట్లో వేదాన్ని కాదన్నవాడే గానీ దేవుణ్ని కాదన్నవాడు కాదు. ఈ సంగతి మరిచిపోయి వాదించుకోవడం మనకు అలవాటైపోయింది.

తంతుల మీద తిరుగుబాటు కూడా ఈ చుట్టుపక్కలదే. వేమన సమాధి ఉన్న కటారుపల్లె కదిరి ప్రాంతంలో, ఇక్కడికి ఎంతో దూరం కాదు. అయితే వేమన కాదన్నది దేవుణ్ని కాదు, మనసు నిలపని పూజను. ఆయన్ని నాస్తికుల లెక్కలో వేసుకోవడం సరికాదు.

పూజగదిలో పుట్టినవాడు

1895 మేలో మదనపల్లెలో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదో సంతానం పుట్టాడు. ఎనిమిదోవాడు గనుక కృష్ణుడి పేరు పెట్టారు. సంజీవమ్మ తన పురుడుకు పూజగదిని ఎంచుకున్నదని జీవిత చరిత్రకారులు రాశారు. మడి, ఆచారం ఉన్న ఇంట్లో అది మామూలుగా జరిగే పని కాదు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) సభ్యుడు. ఆ ఇంట్లో దేవుళ్ల పటాల నడుమ ఆ సమాజం నాయకురాలు అనీ బిసెంట్ పటం కూడా ఉండేదట. ఆమె 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టించింది.

1909లో కుటుంబం మద్రాసులో సమాజం కేంద్రమైన అడయారుకు చేరాక, సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ ఈ కుర్రవాణ్ని రాబోయే జగద్గురువని ప్రకటించాడు. 1911లో ఆ కుర్రవాడి చుట్టూ ఒక సంఘం వెలిసింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలాది అనుయాయుల ఎదుట, ఆ సంఘాన్ని కృష్ణమూర్తే రద్దు చేశాడు. తనను దేవుడంతటివాణ్ని చేసిన భక్తిని కాదనడం, లేని దేవుణ్ని కాదనడం కన్నా కష్టమే.

ఆ తర్వాత అరవై ఏళ్లకు దగ్గరగా ఆయన చెప్పిన దాని సారం ఇది. దేవుడు భయంలోంచి ఆలోచన కట్టుకున్న బొమ్మ. స్వర్గం ఆశతోనో, నరకం భయంతోనో మంచిగా ఉండేవాడిది బేరమే గానీ నీతి కాదు. అడిగే ప్రార్థన మనసుకు ఊరట ఇవ్వవచ్చు, కానీ సత్యం వైపు తీసుకుపోదు. అలాగని ఆయన భౌతికవాదీ కాదు. పవిత్రమైనది ఒకటుందని, మనసు పూర్తిగా నిశ్శబ్దమైతే తప్ప అది అందదని అన్నాడు. హేతువాదులకు ఈ మాట మింగుడుపడలేదు, భక్తులకు ముందు మాటలు మింగుడుపడలేదు.

రిషివ్యాలీ

1920లలో విద్యాసంస్థ కోసం చోటు వెతుకుతూ మదనపల్లెకు దగ్గరలోని ఈ లోయను ఎంచుకున్నారు. పక్కనున్న రిషికొండ మీద పూర్వం ఋషులు తపస్సు చేశారని ఊళ్లవాళ్లు చెప్పుకునేవారు. పేరు అందులోంచే వచ్చింది. మద్రాసు గిండీలో మొదలైన బడి 1931లో ఇక్కడికి మారింది. గుడి లేని ఈ బడిలో పొద్దున్నే పిల్లలంతా కూడి పాడతారు. సంస్కృత శ్లోకాలు, కబీరు, త్యాగరాజు, ఠాగూర్ పాటలు అన్నీ అందులో ఉంటాయి. పాట మొక్కుబడి కాదు. రాముణ్ని నమ్మని పిల్ల త్యాగరాజ కీర్తన పాడితే అది సంగీతమా, ప్రార్థనా? ఆ చిక్కు ముడి బడి విప్పలేదు, విప్పాల్సిన అవసరమూ చూడలేదు.

సాయంత్రం జరిగేదాన్ని 'అస్తాచల్' అంటారు. సూర్యుడు కొండల వెనక్కి దిగే వేళ పిల్లలు ఆరుబయట కూర్చుంటారు. పాట లేదు, శ్లోకం లేదు, ఎవరూ ఏమీ చెప్పరు. పక్షులు గూళ్లకు చేరడం, రాళ్లగుట్టల మీద ఎండ రంగు మారడం చూస్తూ ఊరికే ఉండడమే. సంధ్యావందనం వేళ అదే. అర్ఘ్యం, మంత్రం, కోరిక మాత్రం తీసేశారు.

ఈ బడి నీతి ఏమిటో లోయ బయట చూడాలి. 1980ల నుంచి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలకు కార్డులతో చదువు చెప్పే పద్ధతిని అక్కడే రూపొందించింది. కరువు నేలలో చెట్లు పెంచడం కూడా ఆ సంస్థ చేపట్టిన పనే.

గోరా దారి

గోరా నిశ్శబ్దాన్ని కూడా అడగలేదు. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల కాకినాడలో ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చాడు. దేవుడు లేడనుకున్నప్పుడే మనిషి తన పనికి తానే పూచీ పడతాడన్నది ఆయన వాదం. దాన్ని అంటరానితనం మీద ప్రయోగించాడు. సేవాగ్రాం ఆశ్రమంలో గాంధీతో జరిపిన సంభాషణలను ఇంగ్లీషులో రాయగా నవజీవన్ సంస్థ 1951లో అచ్చువేసింది. గోరా కూతురు మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు పెళ్లి చేయించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. ఆ తంతులో దేవుడి మాట బదులు సత్యం మాట వాడదామన్నాడు. గాంధీ హత్య తర్వాత, 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది. రోజూ ప్రార్థన చేసే మనిషి నాస్తికుడి కోసం మంత్రంలో మాట మార్చడానికి సిద్ధపడడం ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంఘటన అని చెప్పవచ్చు.

కృష్ణమూర్తి చివరిసారి 1985 చివర్లో రిషివ్యాలీకి వచ్చాడు. 1986 ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో కన్నుమూశాడు. తనకు తంతులు, ప్రార్థనలు ఏవీ వద్దని ముందే చెప్పి ఉంచాడు.