పసివారి ల్యుకేమియా, పెద్దల ల్యుకేమియా

1845లో బెర్లినున విర్ఖో, ఎడింబరోలో బెన్నెట్, తెల్లకణములు విపరీతముగ పెరిగిన రక్తమును వేర్వేరుగ వర్ణించిన పిమ్మట నొక శతాబ్దమునకు పైగా వైద్యులు ల్యుకేమియాను కణరూపమును బట్టియు, వ్యాధివేగమును బట్టియు విభజించిరే గాని, పసివాని మూలుగలో పుట్టినదియు వృద్ధుని మూలుగలో పుట్టినదియు మూలముననే వేరని తేల్చు సాధనము వారికడ లేకపోయెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ సంస్థలో రూపొందిన అమినోప్టెరిన్‌ను బోస్టనున సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి తాత్కాలికోపశమనము కలిగెనని 1948లో ప్రకటించినప్పుడు సైతము వ్యాధి పుట్టుక రహస్యముగనే యుండెను.

1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్‌లు దీర్ఘకాలిక ల్యుకేమియాలో కనుగొనిన కురుచ క్రోమోజోము, 9వ, 22వ క్రోమోజోముల తునకలు తారుమారగుటచే నేర్పడినదని షికాగోలో జానెట్ రౌలీ, ఇంట భోజనపు బల్లపై ఛాయాచిత్రములను కత్తిరించి పేర్చుకొనుచు, 1973 నాటికి తేల్చెను. తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా గల పెద్దలలో ఇంచుమించు నాల్గవ వంతు మందికి గల ఈ గురుతు, పిల్లలలో నూటికి మువ్వురికో, ఐదుగురికో మాత్రమే యుండును. పిల్లలలో తఱచుగ కనిపించునవి క్రోమోజోముల సంఖ్య యేబదికి మించుటయు, 12వ, 21వ క్రోమోజోముల తునకల మార్పిడియు. ఈ రెండవది సూక్ష్మదర్శినికి సైతము చిక్కనంత గుట్టుగ జరుగునది గనుక 1990వ దశకము వఱకు బయటపడలేదు.

ఆ దశకముననే లండనున మెల్ గ్రీవ్స్ బృందము చేసిన పని నా దృష్టిలో ఈ చరిత్రకంతకును తలమానికము. నవజాతశిశువు మడమను గ్రుచ్చి, చీటిపై నద్ది, అన్యపరీక్షలకై యారబెట్టి దాచిన నెత్తుటిచుక్కను, ఆ బిడ్డకు కొన్నియేండ్లకు వ్యాధి కలిగిన పిమ్మట వారు వెలికితీసి చూడగా, రోగకణములందు తునకల మార్పిడిచే నేర్పడిన జన్యుసంధియే, అదే యతుకుతో, అందును కనిపించెను! బీజము గర్భముననే పడినదన్నమాట. ఐనను అట్టి సంధితో పుట్టిన శిశువులలో అధికసంఖ్యాకులకు వ్యాధి రానేరాదు. పుట్టిన తరువాత మఱొక జన్యుఘాతము తగులవలెను.

పెద్దల కథ వేరు. 2008లో సెయింట్ లూయిస్ పరిశోధకులు తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా గల యొక స్త్రీ జన్యుసర్వస్వమును చదివిరి. 2010లో వెల్లడియైన డీఎన్‌ఎంటీ3ఏ యను జన్యువు వికారము పెద్దలలో తఱచుగ నుండ, పిల్లలలో దాదాపు శూన్యమని తేలెను. అట్టి వికారములే డెబ్బదియేండ్లు దాటిన యారోగ్యవంతులలో ఇంచుమించు పదింట నొకరి రక్తమున మౌనముగ పెరుగుచుండునని 2014 నాటి పరిశోధనలు చూపెను. పెద్దలలోనే తఱచగు మఱొక వికారము ఐడీహెచ్2 జన్యువుది; కావుననే 2017లో దానికై యామోదింపబడిన ఎనాసిడెనిబ్ వంటి మందునకు పసిరోగులు మిక్కిలి యరుదు. శిశువుల వ్యాధిలో ప్రబలమైన కేఎంటీ2ఏ జన్యుసంధికై 2024లో అమెరికాలో అనుమతి పొందిన రెవ్యుమెనిబ్ మాత్రము ఏడాది నిండిన బిడ్డలకును, పెద్దలకును గూడ నీయదగినది.