రేవు మునిగిన వాడరేవు

చీరాల పక్కన వాడరేవు తెలుసు కదా? ఆ పేరున్న ఫైలుని లినక్సులో డబ్ల్యూగెట్‌తో దింపి చూడండి. 'వాడ' క్షేమం, 'రేవు' మాత్రం మునుగుతుంది!

ఇది తెలుగు మీద కక్ష కాదు, చరిత్ర. పాత ఎనిమిది బిట్ల ఐఎస్ఓ పట్టికల్లో 128 నుంచి 159 దాకా గడులు కంట్రోల్ సంకేతాలవి. 1991లో తెలుగు యూనికోడులో చేరింది, 1992లో యూటీఎఫ్-8 పుట్టింది. 1996లో క్రొయేషియాకి చెందిన హ్ర్వోయె నిక్షిచ్ విడుదల చేసిన డబ్ల్యూగెట్ మాత్రం డిఫాల్టుగా ఇప్పటికీ పాత పట్టికనే నమ్ముతుంది. ఆ గడుల్లో బైటు కనిపిస్తే శాతం గుర్తు పెట్టి మార్చేస్తుంది.

యూటీఎఫ్-8లో మన అక్షరానికి, గుణింతం గుర్తుకి తలా 3 బైట్లు. ఏత్వం 224, 177, 135. కొమ్ము 224, 177, 129. దొరికిపోయాయా! అచ్చులు, క, గ, చ, ట, పొల్లు కూడా ఇంతే.

"తెలుగు సరిగ్గా రావట్లేదండీ" అని బగ్గు రాస్తే ఫాంటు వేసుకోమంటారు. "135ని ఎందుకు మార్చారు?" అని రాస్తే కోడు తెరవక తప్పదు. యూటీఎఫ్-8 పేర్లకి నోకంట్రోల్ ఆప్షన్ పనికొస్తుందని మాన్యువల్లోనే ఉంది. అది డిఫాల్టు అవ్వాలంటే అడగాల్సింది మనమే. నేనైతే ఒకటే అంటాను: అభిమానంతో పాటు బైట్ల లెక్క కూడా పంపండి.