పాండ్యుడికి సాయంగా వచ్చిన సైన్యం

మదురైలోనైనా కోయంబత్తూరులోనైనా మన ఇళ్లలో పెద్దవాళ్లను కదిపితే "విశ్వనాథ నాయకుడి కాలంలో వచ్చాం" అనే మాట వస్తుంది. ఎందుకు వచ్చామంటే కొందరు దండయాత్ర అంటారు, కొందరు వలస అంటారు. "మీరు బయటివాళ్లు" అని ఎవరైనా అన్న రోజున ఈ రెండు జవాబులూ చాలవు. మదురై పాత చరిత్రల ప్రకారం మొదట జరిగింది వేరు. ఇబ్బందుల్లో ఉన్న మిత్రరాజు సైన్యం పంపమని అడిగాడు, విజయనగరం పంపింది.

ఆ కథ ఇలా సాగుతుంది. వీరశేఖర చోళుడు మదురైని ఆక్రమిస్తే చంద్రశేఖర పాండ్యుడు విజయనగరానికి వెళ్లి మొర పెట్టుకున్నాడు. కృష్ణదేవరాయలు నాగమ నాయకుణ్ణి దండుతో పంపాడు. నాగముడు చోళుణ్ణి ఓడించాడు గాని, రాజ్యాన్ని పాండ్యుడికి అప్పగించకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. రాయలు ఆగ్రహిస్తే నాగముడి కొడుకు విశ్వనాథుడే ముందుకొచ్చి తండ్రిని ఓడించి, బంధించి తెచ్చాడు. రాయలు తండ్రిని క్షమించాడు. మదురై మాత్రం చివరికి కొడుకు చేతికే వచ్చింది. విశ్వనాథుడి పాలన 1529లో మొదలైందని చాలామంది చరిత్రకారుల లెక్క.

ఇందులో జాగ్రత్తగా చూడవలసిన చోట్లున్నాయి. చోళ సామ్రాజ్యం 1279 నాటికే ముగిసింది. కాబట్టి ఈ వీరశేఖరుడు పెద్ద చక్రవర్తి కాడు, ఆ పేరు పెట్టుకున్న చిన్న ప్రభువై ఉండాలి. తండ్రీకొడుకుల ఘట్టం కూడా కథకులు మెరుగుపెట్టినట్టే కనిపిస్తుంది.

అయితే సాయం సంగతి కట్టుకథ కాదనడానికి గట్టి ఆధారం ఆ తర్వాతి రాజు కాలంలో దొరుకుతుంది. 1529లో గద్దెనెక్కిన అచ్యుతదేవరాయలకు తమిళ దేశంలో సాళువ నరసింహుడు, అంటే చెల్లప్ప, ఎదురుతిరిగి తిరువాన్కూరు రాజు తిరువడిని ఆశ్రయించాడు. తిరువడి పాండ్యుడి భూములను ఆక్రమించాడు. రాయలు శ్రీరంగంలో ఆగి, బావమరిది సలకరాజు చిన తిరుమలుణ్ణి దక్షిణానికి పంపాడు. తామ్రపర్ణి ప్రాంతంలో తిరువడి ఓడిపోయాడు. పాండ్యుడికి అతని భూములు తిరిగి వచ్చాయి, అతని కూతురికి రాయలతో పెళ్లయింది. 1532 నాటికి ముగిసిన ఈ దండయాత్రను శాసనాలూ, రాజనాథ డిండిముని అచ్యుతరాయాభ్యుదయమూ చెబుతున్నాయి. పాండ్యులు తెన్‌కాశి వైపు సామంతులుగా మిగిలారు, మదురై నాయకులది.

సైన్యం నిలిచిపోతే దాన్ని పోషించాలి. విజయనగరం నుంచి జీతాలు పంపడం అయ్యే పని కాదు. విశ్వనాథుడు, అతని దళవాయి అరియనాథ ముదలియారు కలిసి దీనికి పెట్టిన ఏర్పాటే పాళయాలు. 72 పాళయాలనీ, మదురై కోటలో ఒక్కో బురుజు కాపలా ఒక్కో పాళయగారిదనీ చెబుతారు. పాళయం రాబడిలో మూడో వంతు నాయకుడికి, మూడో వంతు సైన్యానికి, మిగిలింది పాళయగారికి. మన ఊళ్ల సంగతి నిజంగా ఇక్కడే మొదలవుతుంది. దండుతో వచ్చినవాడికి జీతం బదులు భూమి దక్కింది. అతని వెంట సేద్యగాళ్లు, పశువులవాళ్లు, నేతగాళ్లు వచ్చారు. కోవిల్‌పట్టి, సాత్తూరు, అరుప్పుకోట్టై నల్లరేగళ్ల నుంచి కొంగునాడు దాకా తెలుగు మాట పాకింది ఇలాగే. పాళయగార్లందరూ తెలుగువాళ్లు కారు, పడమటి పాళయాల్లో మరవర్లు చాలామంది. దండు వచ్చింది సాయానికి, నిలిచింది ఖర్చు లెక్క వల్ల. ఇంటి చరిత్ర రాసుకునేవాళ్లు ఈ రెండూ రాయాలి.

తర్వాత సాయం అడగవలసిన వంతు మదురైకే వచ్చింది. తిరుమల నాయకుడు (1623–1659) పేరు చెబితే మహల్ గుర్తొస్తుంది, ఆ స్తంభాల కింద నిలబడి బీజాపూరు గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. తన అధిపతి మూడవ శ్రీరంగరాయలకు లోబడడం ఇష్టంలేక ఆయన గోల్కొండను ఉసిగొలిపాడు. గోల్కొండ సేన సెంజి మీదికి రాగానే బెదిరి బీజాపూరు సాయం కోరాడు. బీజాపూరు దండు వచ్చి గోల్కొండతోనే రాజీపడింది. సెంజి బీజాపూరు పాలైంది. ఆపై ఆ దండు మదురై వైపు తిరిగితే తిరుమల నాయకుడు భారీగా ధనం చెల్లించి లోబడ్డాడు.

1656 ప్రాంతంలో మైసూరు సేన సత్యమంగలం మీదుగా దిగి, దొరికినవాళ్ల ముక్కులు కోస్తూ మదురై దాకా వచ్చింది. ముసలి నాయకుణ్ణి అప్పుడు ఆదుకున్నవాడు రామనాథపురం రఘునాథ సేతుపతి. ప్రతిఫలంగా సేతుపతికి కప్పం మాఫీ అయింది, 'తిరుమల సేతుపతి' అనే బిరుదు వచ్చింది, రామనాథపురంలో నవరాత్రి జరుపుకునే గౌరవం దక్కింది. ఆ దారి పొడవునా నలిగింది కొంగునాడే. ఆ శతాబ్దంలోనే కోయంబత్తూరు ప్రాంతం మైసూరు కిందికి పోయింది.

వంశపు చివరి రోజుల్లో మీనాక్షి రాణి, బంగారు తిరుమలుడు గద్దె కోసం తగువులాడుకున్నారు. ఆర్కాటు తరఫున వచ్చిన చందాసాహెబు రాణికి అండగా ఉంటానని ప్రమాణం చేసి కోటి రూపాయలు తీసుకున్నాడంటారు. కొన్నేళ్లకే కోట అతని వశమైంది, రాణి విషం తాగింది. మదురై నాయకుల రాజ్యం అంతటితో సరి.

ప్రతి సాయమూ ఇలాగే ముగియలేదు. 1772లో కాళయార్‌కోవిల్‌లో కంపెనీ, నవాబు సేనల చేతిలో భర్త హతుడైతే శివగంగ రాణి వేలు నాచ్చియార్ దిండుక్కల్ వైపు తరలింది. విరుపాచ్చి పాళయగారు, తెలుగువాడైన గోపాల నాయకర్, ఆశ్రయమిచ్చాడు. హైదర్ అలీ సైన్యమిచ్చాడు. 1780లో ఆమె శివగంగను తిరిగి గెలుచుకుని తానే ఏలింది. గోపాల నాయకర్ తర్వాత కంపెనీకి ఎదురుగా పాళయగార్లను కూడగట్టాడు. ఆ కూటమి 1800 జూన్‌లో కోయంబత్తూరు కోట మీద దాడికి దిగి విఫలమైంది. 1801లో కంపెనీవాళ్లు ఆయన్ను ఉరితీశారు.