మూడో వయసు విశ్వవిద్యాలయం

రిటైరైన అమ్మానాన్నల గురించి మన ఐటీ జనాల ఆలోచన సాధారణంగా రెండు విషయాల దగ్గరే ఆగిపోతుంది: హెల్త్ ఇన్సూరెన్సు, పొద్దున్నే వాకింగు. వాళ్ళకేం కావాలో ఆలోచిస్తాం గానీ, వాళ్ళ దగ్గర ఏముందో ఆలోచించం. ఈ రెండో ప్రశ్న వేసినవాళ్ళ కథ ఇది.

1973లో ఫ్రాన్సులోని తులూజ్‌లో పియర్ వెల్లాస్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసరు రిటైరైనవాళ్ళ కోసం తన యూనివర్సిటీ తలుపులు తెరిచాడు. దానికి 'మూడో వయసు విశ్వవిద్యాలయం' అని పేరు. చదువుకునేది మొదటి వయసు, ఉద్యోగం సంసారం రెండోది, ఆ బరువులు దిగాక వచ్చేది మూడోది అన్నమాట. ఎంట్రన్సు లేదు, డిగ్రీ లేదు. ఈ ఆలోచన త్వరగానే చుట్టుపక్కల దేశాలకి పాకింది.

అసలు మలుపు 1981లో కేంబ్రిడ్జిలో వచ్చింది. చరిత్రకారుడు పీటర్ లాస్లెట్, సామాజికవేత్త మైకేల్ యంగ్, విద్యావేత్త ఎరిక్ మిడ్‌వింటర్ కలిసి దీన్ని బ్రిటన్‌కి తెచ్చారు. లాస్లెట్, యంగ్ ఇద్దరూ 1915లో పుట్టినవాళ్ళు, అంటే వాళ్ళూ మూడో వయసువాళ్ళే! వాళ్ళ వాదన సూటిగా ఉంది. రిటైరైనవాళ్ళలో టీచర్లున్నారు, ఇంజనీర్లున్నారు, నర్సులున్నారు. ప్రొఫెసర్లు చెప్తుంటే వీళ్ళు వింటూ కూర్చోవడం దేనికి? ఒకళ్ళకొకళ్ళే నేర్పుకోవచ్చు కదా! జీతం తీసుకునే మాస్టార్లు లేరు. ఎవరింటి హాల్లోనో, ఊళ్ళోని కమ్యూనిటీ హాల్లోనో క్లాసు.

మన భాషలో చెప్పాలంటే ఫ్రాన్సుది క్లయింట్-సర్వర్, బ్రిటన్‌ది పీర్-టు-పీర్. అప్పట్లో థాచర్ ప్రభుత్వం ఖర్చులు తగ్గించే పనిలో ఉంది. సర్కారు డబ్బు మీద ఆధారపడని పద్ధతి కాబట్టే ఇది నిలబడిందని నా అభిప్రాయం. ఇవాళ బ్రిటన్‌లో ఇలాంటి బృందాలు వెయ్యి దాకా ఉన్నాయి, సభ్యులు సుమారు 4 లక్షలు.

లోపం లేదా అంటే ఉంది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతివాళ్ళేనని మొదట్నించీ విమర్శ ఉంది. నిజమే. నేర్పడానికి నా దగ్గరేముందిలే అనుకునేవాళ్ళు గడప దాటి రారు. వాళ్ళని పిలుచుకొచ్చే మనిషి ఒకరుండాలి.

ఇక మన సంగతి. అపార్టుమెంటు కమ్యూనిటీ హాలు వారమంతా తాళం వేసే ఉంటుంది. అదే బిల్డింగులో రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు, అన్నమయ్య కీర్తనలు పాడగలిగే పెద్దావిడ ఉంటారు, ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో పనిచేసినాయన ఉంటారు. తాళం తీయించడానికి పెద్ద బడ్జెట్టేం అక్కర్లేదు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'మందులేసుకున్నారా' అనడంతోపాటు 'మీకొచ్చింది ఎవరికైనా నేర్పుతారా' అని కూడా అడిగి చూడండి. ఏమంటారు?